రెండు నదుల నడుమ రాయచూరు

కృష్ణ, తుంగభద్ర కలిసే ముందు చాలా దూరం ఎడంగా, తూర్పు ముఖంగా సాగుతాయి. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. రెంటి నడుమ నేలను చరిత్ర పుస్తకాలు రాయచూరు అంతర్వేది అంటాయి. తెలంగాణలోని గద్వాల, అలంపురం ప్రాంతం, అంటే జనం నడిగడ్డ అని పిలుచుకునే చోటు, ఈ అంతర్వేదికి తూర్పు కొస. అక్కణ్నుంచి పడమటికి పోతే కర్ణాటకలోని రాయచూరు, మాన్వి, సింధనూరు, మస్కి, లింగసుగూరు, ముద్గల్లు వస్తాయి. వీటన్నిటికీ పెద్ద ఊరు రాయచూరు.

దక్కనులో ఉత్తరం వైపు బలపడిన ప్రతి రాజూ తన రాజ్యం తుంగభద్ర దాకా ఉండాలనుకున్నాడు. దక్షిణం వైపు బలపడిన ప్రతి రాజూ కృష్ణ దాకా తనదే కావాలనుకున్నాడు. దాంతో మధ్యలో చిక్కిన రాయచూరు వందల ఏళ్లు సరిహద్దు పట్టణంగానే బతికింది. కల్యాణి చాళుక్యులకూ చోళులకూ ఇక్కడే తగాదా. ఆ తర్వాత దేవగిరి యాదవులు, కాకతీయులు, బహమనీలు, విజయనగర రాజులు, బీజాపూరు ఆదిల్‌షాహీలు, మొగలులు, నిజాములు వంతులవారీగా ఈ ఊరిని ఏలారు. కారణాలు నేలలోనే ఉన్నాయి. పత్తికీ జొన్నకూ పేరు పడిన నల్లరేగడి భూములు, హట్టి ప్రాంతపు బంగారు గనులు, ఎండాకాలంలో సైన్యాలు దాటడానికి వీలైన నదీ రేవులు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రాజులు పోట్లాడుకునేవారు. ఇక్కడ మూడూ ఉన్నాయి.

ఇంతటి చరిత్ర ఉన్న ఊరు తెలుగు కుటుంబాల సెలవుల పట్టికలో కనిపించకపోవడం బాధ కలిగించే సంగతి. మంత్రాలయం రాఘవేంద్రస్వామి దర్శనానికి ఏటా లెక్కలేనంత మంది వెళ్తారు. కొందరు తుంగభద్ర దాటి గాణదాళు పంచముఖి ఆంజనేయస్వామిని చూస్తారు. మరికొందరు మక్తల్ వైపు నుంచి కృష్ణా నది లంకలోని కురువపురానికి పడవలో పోతారు. వీళ్లలో చాలామంది రాయచూరు మీదుగానే ప్రయాణం చేస్తారు, ఊళ్లోకి మాత్రం తొంగి చూడరు. మంత్రాలయం నుంచి రాయచూరుకు నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఒక రోజు అదనంగా పెట్టుకుంటే కోట, కొండ, మసీదు తీరిగ్గా చూడవచ్చు. రెండు రోజులు ఉంటే మస్కి, ముద్గల్లు కూడా కలుస్తాయి.

దారి కష్టమైనదేమీ కాదు. ముంబై, చెన్నై రైలు మార్గంలో గుంతకల్లు, ఆదోని, మంత్రాలయం రోడ్డు దాటాక రాయచూరు వస్తుంది. హైదరాబాదు నుంచి మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా రోడ్డు దారి ఉంది. కృష్ణ వంతెన దాటగానే శక్తినగర్ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కణ్నుంచి ఊరు దగ్గరే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లడం మంచిది. వేసవిలో ఇక్కడి ఎండ పిల్లలు, పెద్దవాళ్లు తట్టుకునేది కాదు. ఏ కాలంలో వెళ్లినా కొండ ఎక్కడం పొద్దున్నే ముగించుకుని, నీడ ఉన్న చోట్లను మధ్యాహ్నానికి పెట్టుకోవాలి.

రాయచూరు కోట ఊరికి దూరంగా, చుట్టూ కంచె వేసి ఉంచిన కట్టడం కాదు. గోడలు ఊళ్లో కలిసిపోయాయి. ఒక బురుజు పక్కన దుకాణాల వరస, ఒక దర్వాజా కింద నుంచి ఆటోలు, ప్రాకారానికి ఆనుకుని ఇళ్లు. కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, నాలుగు గోడలు చూసి తిరిగిపోయేవాళ్లే ఎక్కువ. కింద చూడాల్సిన వరస ఒకటి ఉంది: ముందు లోపలి గోడ, ఆ తర్వాత వెలుపలి గోడ. కోట కట్టిన వరస కూడా దాదాపు అదే.

లోపలి గోడ కాకతీయుల నాటిది. పెద్ద పెద్ద రాళ్లను నున్నగా చెక్కి, సున్నం లేకుండా, ఒకదాని అంచుకు ఒకటి అతికినట్టు పేర్చారు. ఆ గోడ పడమటి భాగంలో ఉన్న ఒక రాయి దగ్గర పిల్లలను కాసేపు నిలబెట్టి తీరాలి. దాని పొడవు 41 అడుగులు దాటుతుంది. ఒకే బండ. దాని మీద తెలుగులో శాసనం ఉంది, కాలం 1294. కాకతీయ సామంతుడు గోన గన్నారెడ్డి కింది సేనాని విఠలుడు ఆదోని, తుంబళం, మాన్వి, హాలువ కోటలను గెలిచి, రాయచూరులో ప్రవేశించి, ఈ నేలకు రక్షణగా దుర్గం కట్టించాడని దాని సారాంశం. అప్పటికి ఈ ప్రాంతం దేవగిరి యాదవుల చేతిలో ఉండేది. ఓరుగల్లు గద్దె మీద ప్రతాపరుద్రుడున్నాడు.

గోన గన్నారెడ్డి పేరు తెలుగు ఇళ్లలో కొత్త కాదు. అడివి బాపిరాజు ఆ పేరుతోనే నవల రాశాడు. 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమాలో అల్లు అర్జున్ ఆ పాత్ర వేశాడు. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డిదీ ఈ గోన వంశమే. నవలలో, తెర మీద కనిపించిన మనిషి పేరు ఏడు వందల ఏళ్ల నాటి రాతి మీద తెలుగు అక్షరాల్లో ఉందని చూపిస్తే, చరిత్ర అంటే పరీక్షల పాఠమనుకునే పిల్లలు కూడా ఆ గోడ దగ్గరికి వెళ్లి చూస్తారు.

శాసనం చదవలేనివాళ్లకు కూడా ఆ రాయి తన కథ చెబుతుంది. అంత బండను గని నుంచి ఇక్కడికి ఎలా తెచ్చారో గోడ మీదే బొమ్మ గీసి ఉంచారు. లోతుగా చెక్కిన శిల్పం కాదు, సన్నటి గీతలతో తీర్చిన బొమ్మ. ఆకులు లేని గట్టి చక్రాల బండి, దాని మీద పొడవాటి బండ, ముందు జతలు జతలుగా కట్టిన దున్నపోతులు, వాటిని అదిలించే మనుషులు, వెనక నుంచి గడ్డపలుగుల్లాంటి వాటితో చక్రాలను ఎగదోసేవాళ్లు. మన దేశంలో కోటలు కట్టించిన రాజుల పేర్లు వేల శాసనాల్లో దొరుకుతాయి. రాయి మోసిన పశువులను, బండి నెట్టిన కూలీలను ఇలా గోడకెక్కించడం చాలా అరుదు. ఎండ ఏటవాలుగా పడే వేళల్లో గీతలు బాగా కనబడతాయి, నడినెత్తి ఎండలో చెరిగిపోయినట్టుంటాయి. వేళ్లతో రుద్దడం, సుద్దతో గీతలు దిద్దడం వంటివి పిల్లలను చేయనివ్వకూడదు. ఆ బొమ్మ మళ్లీ ఎవరూ గీయలేనిది.

కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయింది. తర్వాతి తరంలోనే ఉత్తరాన బహమనీ సుల్తానులు, దక్షిణాన విజయనగర రాజులు లేచారు. ఇక రెండు వందల ఏళ్ల పాటు రాయచూరు, ముద్గల్లు కోటల కోసం వాళ్ల మధ్య యుద్ధాలే యుద్ధాలు. కోట ఎక్కువ కాలం బహమనీల వశంలోనే ఉంది. ఫిరంగులు వాడకంలోకి వచ్చే కొద్దీ వాళ్లు, వాళ్ల తర్వాత ఆదిల్‌షాహీలు, కాకతీయుల గోడను అలాగే ఉంచి దానికి వెలుపల మరో ప్రాకారం కట్టారు, బురుజులు పెంచారు, కందకం తవ్వించారు. వెలుపలి గోడ రాతిపని లోపలి గోడంత నున్నగా ఉండదు. రెండు గోడల దగ్గరా నిలబడి రాళ్ల కూర్పును పోల్చి చూస్తే, ఏది ఎవరి పనో చెప్పడం పదేళ్ల పిల్లలకు కూడా కష్టం కాదు.

బహమనీల చివరి రోజుల గుర్తు ఏక్ మినార్ మసీదు. పేరుకు తగ్గట్టు ఒకే మినారు. మహమూద్ షా బహమనీ కాలంలో, 1513 ప్రాంతంలో కట్టారు. మినారు ఎత్తు సుమారు 65 అడుగులు. గుండ్రంగా పైకి పోతూ సన్నబడే ఆ తీరు బీదరులోని మహమూద్ గవాన్ మదరసా మినారును గుర్తుకు తెస్తుంది. మసీదు చిన్నది, ప్రార్థనలు జరిగే చోటు. అక్కడివాళ్లను అడిగి, చెప్పులు విడిచి, నమాజు లేని వేళ చూడాలి.

ఈ ఊరి పేరు దేశ చరిత్రకెక్కింది మాత్రం 1520 నాటి యుద్ధంతో. ఒక పక్క విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు, మరో పక్క బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా. ఆ యుద్ధం గురించి ఎక్కువ వివరాలిచ్చినవాడు పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ న్యూనిజ్. అతడు విజయనగరంలో ఉన్నది 1535 తర్వాత, అంటే యుద్ధం జరిగిన పదిహేనేళ్లకు. విన్నది రాశాడు కాబట్టి అంకెల్లో అతిశయం ఉంది. రాయల కాల్బలం ఏడు లక్షలు దాటిందని అతను రాసిన లెక్కను చరిత్రకారులు నమ్మరు. అయినా సైన్యాలు నడిచిన తీరు, కోట పట్టిన తీరు అతని రాతలో కళ్లకు కడతాయి.

న్యూనిజ్ చెప్పిన ప్రకారం గొడవ గుర్రాల డబ్బుతో మొదలైంది. గుర్రాలు కొనుక్కు రమ్మని రాయలు ఒక వర్తకుడికి 40,000 వరహాలు ఇచ్చి గోవాకు పంపితే, అతను ఆ సొమ్ముతో ఆదిల్‌షా పంచన చేరాడు. అప్పగించమని అడిగితే ఆదిల్‌షా ఒప్పుకోలేదు. అది సాకు మాత్రమే. కృష్ణ దాకా నేల తిరిగి సంపాదించాలన్న కోరిక అంతకుముందు నుంచీ విజయనగరానికి ఉంది. రాయలు వచ్చి రాయచూరును ముట్టడించాడు. మూడు వరసల రాతి గోడలను దాటే దారి లేక, గోడ రాళ్లు ఊడబెరికి తెచ్చిన సైనికులకు రాయి పరిమాణాన్ని బట్టి డబ్బు చెల్లించాడట. పైనుంచి బాణాలు, గుళ్లు కురుస్తుంటే గోడ దగ్గరికి చేరడమే గండం. చాలామంది అక్కడే ప్రాణాలు విడిచారు.

ఇంతలో ఆదిల్‌షా కృష్ణ దాటి దక్షిణపు ఒడ్డుకు వచ్చాడు. శుక్రవారం యుద్ధానికి మంచిది కాదని మంత్రులు చెప్పగా రాయలు శనివారం దాకా ఆగాడు. చరిత్రకారుడు రాబర్ట్ సీవెల్ లెక్కగట్టి తేల్చిన తేదీ 1520 మే 19. తెల్లవారగానే విజయనగర సేన ముందు వరస దూకింది. ఆదిల్‌షా ఫిరంగులన్నిటినీ ఒక్కసారే పేల్చాడు. ముందు వరస చెల్లాచెదురై వెనక్కి తిరిగింది. ఓటమి ఖాయమనుకున్న ఆ ఘడియలో రాయలు తన ఉంగరం తీసి ఒక సేవకుడికిచ్చి, తాను చనిపోతే రాణులకు ఆనవాలుగా చూపమన్నాడని న్యూనిజ్ రాశాడు. తర్వాత గుర్రమెక్కి రెండో వరసను తనే నడిపించాడు. ఆనాటి ఫిరంగిని మళ్లీ నింపి పేల్చడానికి చాలా సేపు పట్టేది. ఆ వ్యవధిలోనే గుర్రపుదళం ఆదిల్‌షా సేన మీద పడింది. శత్రుసైన్యం నదిలోకి పరుగెత్తింది, లెక్కలేనంత మంది మునిగిపోయారు. ఆదిల్‌షా ఏనుగెక్కి తప్పించుకున్నాడు. 400 పెద్ద ఫిరంగులు రాయల చేతికి చిక్కాయని న్యూనిజ్ లెక్క.

మైదానంలో గెలిచినా కోట ఇంకా లొంగలేదు. అప్పుడే క్రిస్టవావ్ డి ఫిగైరెదో అనే పోర్చుగీసువాడు ఇరవై మంది తుపాకీగాళ్లతో రాయల శిబిరానికి వచ్చాడు. గోడ మీద తల బయటపెట్టిన ప్రతివాణ్నీ వాళ్లు గురిచూసి కాల్చసాగారు. కోటవాళ్లు అంతకుముందు తుపాకీ గురి చవి చూసినవాళ్లు కారు. తలెత్తడానికి జంకారు. కింద రాయల మనుషులు నిశ్చింతగా రాళ్లు పీకారు. పరిస్థితి చూద్దామని బయటికి వంగిన కోట అధిపతి నుదుటికే గుండు తగిలింది. మర్నాడు కోటవాళ్లు శరణు వేడారు. ఊరివాళ్ల ప్రాణాలకూ సొత్తుకూ హాని జరగనివ్వనని రాయలు మాట ఇచ్చాడు.

బాబరు పానిపట్టులో ఫిరంగులు పేల్చింది 1526లో. దానికి ఆరేళ్ల ముందే దక్కనులో మందుగుండుతో ఇంత పెద్ద పోరు జరిగింది. రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ అనే చరిత్రకారులు 2014లో వెలువరించిన గ్రంథంలో కల్యాణి, ఓరుగల్లులతో పాటు రాయచూరును పరిశీలనకు ఎంచుకున్నారు. ఈటన్ వాదం ఆలోచింపజేసేది: గెలిచిన విజయనగరం ఫిరంగుల మీద శ్రద్ధ పెట్టలేదు, ఓడిన బీజాపూరు గుణపాఠం నేర్చుకుని ఫిరంగులనూ కోటలనూ మెరుగుపరచుకుంది, 1565 నాటి తళ్లికోట యుద్ధానికి ఆ తేడా పనికొచ్చింది. రాయలు 1529లో మరణించాక ఏడాది తిరిగేసరికి ఇస్మాయిల్ ఆదిల్‌షా రాయచూరును మళ్లీ పట్టుకున్నాడు. యుద్ధానికీ మళ్లీ చేజారడానికీ మధ్య గడిచింది పదేళ్లే.

విజయనగర శిల్పుల చేతి పనిని ఉత్తరం వైపు నౌరంగీ దర్వాజా దగ్గర చూడవచ్చు. గోడల్లో పొదిగిన శిల్ప ఫలకాలున్నాయి. ఏనుగులు, గుర్రాలు, మనుషులు, దేవతలు వరసలుగా కనిపిస్తారు. పడమటి వైపున్నది మక్కా దర్వాజా, తూర్పున కాటీ దర్వాజా. ఒక్కో ద్వారం తిన్నగా లోపలికి పోనివ్వదు. మలుపులు తిప్పుతుంది. ఏనుగులతో తలుపులు గుద్దించడానికి పరుగు తీసే చోటు దొరక్కూడదని అలా కట్టారు.

కొండ మీది కోట బాలాహిసారును పొద్దుటి పూట ఎక్కాలి. ఎత్తు మూడు వందల అడుగుల లోపే. మెట్లు కొన్నిచోట్ల అరిగి జారుడుగా ఉంటాయి, పైన చాలాచోట్ల పిట్టగోడ లేదు. చిన్నపిల్లల చెయ్యి వదలకూడదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందనే ఆగడం మేలు. పైన ఒక దర్గా, పాత కట్టడాలు, పొడవాటి ఫిరంగి ఉన్నాయి. అక్కడి నుంచి చూస్తే కింద చెరువు, ఊరు, ఊళ్లో తెగుతూ అతుకుతూ పోయే గోడల వలయం ఒక్క చూపులో అర్థమవుతాయి. కింద తిరిగినప్పుడు విడివిడిగా కనిపించే బురుజులన్నీ ఏ ప్రాకారానివో పైనుంచి పటంలా తెలుస్తుంది.

ఆదిల్‌షాహీల తర్వాత 1686లో మొగలులు, ఆపై నిజాములు వచ్చారు. 1853లో నిజాం తన బాకీల కింద రాయచూరు అంతర్వేదిని ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు, 1860లో తిరిగి దక్కించుకున్నాడు. 1871లో బొంబాయి నుంచి వచ్చిన రైలు పట్టాలు, మద్రాసు నుంచి వచ్చిన పట్టాలు కలిసిన చోటు కూడా రాయచూరే. రెండు రైల్వే కంపెనీలకు అది హద్దు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం విడిపోయినప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరింది. అంతటితో అది కర్ణాటక అంచున, ఆంధ్ర, తెలంగాణలకు ఆనుకున్న ఊరైంది.

అందుకే రాయచూరు బజారులో కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. ఒకే మనిషి బేరం ఒక భాషలో మొదలుపెట్టి మరో భాషలో ముగిస్తాడు. తెలుగు కుటుంబం భాష గురించి బెంగపడే అవసరమే లేదు. సింధనూరు, మాన్వి వైపు పోతే తెలుగు మరింత గట్టిగా వినబడుతుంది. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు వచ్చాక కోస్తా జిల్లాల రైతులు ఇక్కడికి వలస వచ్చి, భూములు కొని, క్యాంపులు కట్టుకున్నారు. ఊరి పేరు చివర క్యాంపు అని ఉంటే అది వాళ్ల ఊరే. జొన్న పండిన నేలలో వరి దిగింది. రాయచూరు జిల్లా సోనామసూరి బియ్యం తెలుగు రాష్ట్రాల దుకాణాల్లో దొరకడం వెనక ఆ వలస ఉంది. భోజనంలో జొన్నరొట్టె, వేరుశనగ పొడి, నూనె వంకాయ ఇక్కడివే. పొద్దుటి పూట మాత్రం ఆదోని, కర్నూలు వాళ్లకు అలవాటైన ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తినాలి. మరమరాలు నానబెట్టి తాలింపు వేసే ఆ ఫలహారానికి రాష్ట్రాల హద్దు లేదు.

రెండో రోజు మస్కికి కేటాయించాలి. 1915లో బీడన్ అనే గనుల ఇంజినీరు బంగారం కోసం వెతుకుతూ అక్కడి గుట్టలో ఒక శాసనం చూశాడు. అంతకుముందు దొరికిన శాసనాలన్నిటిలో దేవానాంప్రియ ప్రియదర్శి అనే బిరుదులే ఉండేవి. మస్కి రాతి మీద అశోక అనే పేరు కనబడింది. ఆ బిరుదుల రాజు అశోకుడేనన్న నిర్ణయానికి అది తిరుగులేని ఆధారమైంది. అక్కడి నుంచి లింగసుగూరు మీదుగా ముద్గల్లు. కందకం, జంట ప్రాకారాలు, బురుజులు ఉన్న ఈ కోట రాయచూరు కంటే ఖాళీగా, నిమ్మళంగా ఉంటుంది. చరిత్రకారుడు ఫెరిష్తా రాసిన కంసాలి అమ్మాయి కథ ఈ ఊరిదే. ఆమె కోసం మొదటి దేవరాయలు సేనను పంపితే, 1406లో ఫిరోజ్ షా బహమనీ యుద్ధానికి దిగాడంటారు. ముద్గల్లు మొహర్రం కూడా పేరున్న పండగ. చుట్టుపక్కల హిందువులు, ముస్లిములు కలిసి చేస్తారు, తెలుగు ఊళ్ల నుంచీ జనం వస్తారు. ఆ రోజుల్లో బస దొరకదు కాబట్టి గది ముందే చూసుకోవాలి. మిగతా రోజుల్లో పొద్దున్నే రాయచూరులో బయలుదేరితే మస్కి, ముద్గల్లు రెండూ చూసుకుని రాత్రి భోజనం వేళకు తిరిగి చేరవచ్చు.